పోయాడన్న మాట

పంతొమ్మిదివందల అరవై ఎనిమిది సెప్టెంబరులో ఒక సంత రోజు పొద్దున్నే, కళింగపట్నం నుంచి ఎండుచేపల గంపతో ఆమదాలవలస వచ్చిన అసిరమ్మ నేరుగా సంతకు వెళ్ళలేదు. మిషన్ బడి వరండాలోకి వచ్చి, గంప నెత్తిమీదే ఉంచుకుని, నాలుగో తరగతి గుమ్మం ముందు నిలబడింది. లోపల లెక్కలు చెబుతున్న దేవమణి ఆమెను చూసి బయటికి వచ్చింది. ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఎరుక. అసిరమ్మ కొడుకు అప్పలసూరి కలకత్తాలో ఖలాసీగా ఓడ ఎక్కిన దగ్గర్నుంచీ, అతని ఉత్తరాలు చదివి పెట్టేదీ జవాబులు రాసి పెట్టేదీ దేవమణే. ఆ ఉత్తరాలు ఆగిపోయి తొమ్మిది నెలలయింది.

అసిరమ్మ రొంటిన దోపుకున్న కవరు తీసి ఇచ్చింది.

"ఇది మావోడు రాయించిన కాయితం కాదు పంతులమ్మా. పోస్టు మేస్టరు కూడా సదవలేనన్నాడు. నువ్వు సదువు."

అక్షరాలు ఇంగ్లీషువే. మాటలు మాత్రం ఇంగ్లీషు కాదు. కవరుకు అంటించిన తపాలా బిళ్ళ మీద చిలీ అని ఉంది. దేవమణి గోడకు వేలాడుతున్న ప్రపంచపటం దగ్గరికి వెళ్ళి వెతికింది. అన్ని సముద్రాలకూ అవతల, పటం చివర, సన్నటి పట్టీలాంటి దేశం. అక్కడ స్పానిష్ మాట్లాడతారని ఆమెకు తెలియడానికి ఒక కారణం ఉంది. ఆ బడిలో పూర్వం పనిచేసిన దొరసాని ఒకావిడ ఈ దేశం రాకముందు, చిలీ పక్కనే ఉన్న బొలీవియాలో ఉండేది. ఆవిడ వదిలేసి వెళ్ళిన చిన్న స్పానిష్ నిఘంటువు బడి బీరువాలో ఇంకా పడి ఉంది. వచ్చే సంతనాటికి చదివి చెబుతానని దేవమణి మాట ఇచ్చింది. మాట ఇచ్చేటప్పుడు అది పెద్ద పని అని ఆమెకు తోచలేదు.

ఉత్తరం రెండు పేజీలు. రాసింది హసింతా అనే ఆవిడ. ఒక రేవు పట్నంలో, ఆస్పత్రి పక్కన పూటకూళ్ళు నడిపే మనిషిలా ఉంది. దేవమణి ఒక్కో మాటా వెతకడం మొదలుపెట్టింది. ఇల్లు, కాలు, జ్వరం లాంటి మాటలు దొరికాయి. క్రియలు మాత్రం ఉత్తరంలో ఉన్న రూపంలో నిఘంటువులో ఎక్కడా లేవు. మొదటి రెండు మూడు అక్షరాలు పట్టుకుని దగ్గరగా ఉన్నది ఏదో ఊహించుకోవాల్సి వచ్చింది. ఒకచోట 'మొరియా' అని ఉంది. నిఘంటువులో దానికి దగ్గరగా ఉన్నది 'మొరిర్'. చావడం. ఆమె చేతివేలు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. తరవాత పాద్రే అంటే ఫాదరీ. మాద్రే అంటే తల్లి. 'మే నెల' అన్న మాట పక్కన 'సె ఫ్వే' అని ఉంది, అది దొరకలేదు. ఆ తరవాత 'కాహా'. నిఘంటువు దానికి రెండర్థాలు చెప్పింది, పెట్టె అనీ శవపేటిక అనీ. చివర దేవుడు.

చావు, ఫాదరీ, తల్లి, శవపేటిక, దేవుడు. ఇంక సందేహించడానికి ఏముందనిపించింది.

రైల్వే స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా పనిచేసే ఆమె భర్త డేవిడ్‌రాజు కూడా కాగితం చూసి, ఇంక ఆ తల్లికి చెప్పక తప్పదన్నాడు. పై సంతనాడు చెప్పింది. అసిరమ్మ ఏడవలేదు. వరండా స్తంభానికి ఆనుకుని కూచుండిపోయింది. ఒకే ఒక్క మాట అడిగింది.

"పెట్టిలో ఎట్టినారా నా బిడ్డని? ఒట్టి మట్టిలో కప్పీలేదు గదా?"

"పెట్టెలోనే పెట్టారమ్మా," అంది దేవమణి.

ఉత్తరంలో ఆ మాట అలా లేదు. ఆ తల్లికి కొంచెం ఊరటగా ఉంటుందని అంది.

పదోనాడు దేవమణి కళింగపట్నం వెళ్ళింది. అప్పలసూరి భార్య చిన్నతల్లికి ఇరవై ఏళ్ళు. కాపురం చేసింది పట్టుమని ఏడాది. ముసలాళ్ళు ఆ పిల్లను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి గాజులు పగలగొట్టి, పుస్తెలు తీసి, తలమీద నీళ్ళు పోసి తీసుకొచ్చారు. తడిబట్టలతోనే చిన్నతల్లి దేవమణి పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, ఆ కాయితంలో తన పేరేమైనా ఉందా అని అడిగింది. లేదని దేవమణి చెప్పింది. అది మాత్రం నిజమే.

ఆ పని అయిపోయిందనుకుంది దేవమణి. కాని రెండు వారాల తరవాత అసిరమ్మ మళ్ళీ వరండాలోకి వచ్చింది. ఏటా కొడుకు పేరున తద్దినం పెట్టుకోవాలట, ఏ తిథిన పోయాడో కావాలి, ఇంగ్లీషు తేదీ చెబితే బ్రాహ్మడు తిథి తీస్తాడు. దేవమణి ఉత్తరం తెచ్చి తేదీ వెతికింది. మే నెల ఉంది కాని తేదీ లేదు. వెతుకుతుంటే వరస ఆమె కంటికి వేరే రకంగా కనపడింది. చావు మాట మొదటి పేజీలో, మార్చి నెల పక్కన ఉంది. మే నెల రెండో పేజీలో ఉంది. మధ్యలో ఏప్రిల్ ఉంది. ఏప్రిల్ పక్కన తినడానికి సంబంధించిన మాట ఒకటి, చారు అన్న మాట ఒకటి ఉన్నాయి.

మార్చిలో చచ్చిపోయినవాడి గురించి రాస్తూ ఏప్రిల్లో చారు సంగతి ఎందుకు రాస్తారు?

అసిరమ్మకు తేదీ తరవాత చెబుతానంది.

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడే ఆమె రైలెక్కి విజయనగరం వెళ్ళింది. అక్కడి మిషన్ బంగళాలో ఆ పాత దొరసాని పుస్తకాలు ఇంకొన్ని ఉన్నాయని విన్నది. దుమ్ముపట్టిన అరలో, ఇంగ్లీషువాళ్ళకు స్పానిష్ నేర్పే వ్యాకరణం ఒకటి దొరికింది. అట్ట చెదలు తిన్నాయి కాని లోపల కాగితాలు బాగానే ఉన్నాయి. తిరుగు రైల్లో, విజయనగరం పొలిమేర దాటకముందే, ఆమె భూతకాలం అధ్యాయం తెరిచింది.

అందులో భూతకాలాలు రెండున్నాయి. జరిగి తెగిపోయిన పనికి ఒకటి. జరుగుతూ ఉండిన పనికి, అలవాటుగా చేస్తుండిన పనికి ఇంకొకటి. మాట్లాడాడు అనడానికి 'ఆబ్లో'. మాట్లాడుతుండేవాడు అనడానికి 'ఆబ్లాబా'. తిన్నాడు 'కోమియో', తింటుండేవాడు 'కోమియా'. పుస్తకం చివర క్రమం తప్పిన క్రియల పట్టిక ఉంది. ఆమె వేలితో కిందికి వచ్చింది. మొరిర్. చచ్చిపోయాడు: 'మురియో'. చచ్చిపోతూ ఉండేవాడు: 'మొరియా'.

ఉత్తరంలో ఉన్నది మొరియా.

హసింతా రాసింది ఆ కుర్రాడు చచ్చిపోయాడని కాదు, అప్పట్లో చావుబతుకుల్లో ఉన్నాడని. ఏప్రిల్లో ఉన్నది కోమియో. కొంచెం చారు తాగాడు. రైలు పొందూరులో ఆగింది, జనం ఎక్కారు, దిగారు. దేవమణి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూచుంది. బతికి ఉన్నవాడి భార్య గాజులు తన మాట మీద పగలగొట్టారు.

ఇంటికి వచ్చి డేవిడ్‌రాజుకు చెప్పింది. అతను అడిగాడు, సరే, బతికే ఉన్నాడా మరి అని. అది ఉత్తరంలో తేలలేదు. రెండో పేజీలో 'మే నెలలో సె ఫ్వే' అన్నది అలాగే మిగిలి ఉంది. వ్యాకరణంలో వెతికితే అది వెళ్ళడం అన్న క్రియ. మే నెలలో పోయాడు. ఎలా పోయాడు? మన మాటలో పోయాడంటే ఊరెళ్ళాడనీ అవుతుంది, ప్రాణం పోయిందనీ అవుతుంది. స్పానిష్‌లో కూడా ఆ మాటను చావుకు మెత్తగా వాడతారని పుస్తకంలో కింద సన్న అక్షరాల్లో ఉంది. ఆ తరవాత వాక్యం, పెట్టె వదిలాడు అని. చచ్చినవాడి పెట్టె అయినా మిగులుతుంది, వెళ్ళినవాడు అయినా వదిలేస్తాడు. దేవుడు అతనికి తోడుండుగాక అని చివరి వాక్యం. అది ప్రయాణం కట్టినవాడికీ చెల్లుతుంది, పాడె కట్టినవాడికీ చెల్లుతుంది.

సెలవులన్నీ ఆమె ఆ పుస్తకంతోనే ఉంది. బియ్యం ఏరుతూ, బట్టలు జాడిస్తూ వరసలు వల్లించింది. ఆబ్లే, ఆబ్లాస్తే, ఆబ్లో. బడి తెరిచాక మధ్యాహ్నం గంట కొట్టగానే పలక తీసుకుని కూచునేది. టీచరుగారికి పరిశుద్ధాత్మ దిగి అన్యభాషలు వస్తున్నాయని ఆడపిల్లలు గుసగుసలాడుకున్నారు. ఆమె వరసలు ఎన్ని నేర్చినా ఆ రెండు మాటలు తెరుచుకోలేదు. వెళ్ళాడు అన్నదానికీ, ఉన్నాడు అన్నదానికీ ఆ భాషలో ఒకటే రూపం అని తెలిసిన రోజున ఆమె పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. మళ్ళీ వెళ్ళి తీసుకుంది. నలిగిన కాగితాలు అరచేత్తో సాపు చేసింది.

ఆ వారంలోనే అసిరమ్మ ఇంకో కబురు తెచ్చింది. చిన్నతల్లికి మారుమనువు కుదిరిందట. భావనపాడులో పోతురాజు అనేవాడు, సొంత పడవ ఉన్నవాడు, పెళ్ళాం పోయింది, మాఘంలో చేసుకుంటానన్నాడు. పిల్ల కన్నవాళ్ళు ఒప్పుకున్నారు. చిన్న పిల్ల, ఎన్నాళ్ళు కూచుంటుంది, తానే సరే అన్నానని అసిరమ్మ చెప్పింది.

దేవమణి ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఆ పిల్ల బతుకు ఒక దారిన పడుతుందని డేవిడ్‌రాజు అన్నాడు. నీకే తెలియనిది చెప్పి వాళ్ళను ఎందుకు రేపుతావన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అతని మాటలో న్యాయం ఉందని దేవమణికి కూడా అనిపించింది, అందుకే ఇంకా భయం వేసింది. ఆదివారం గుళ్ళో కూచుంటే పాట నోటికి రాలేదు. ప్రార్థన అయీ అవకుండానే లేచి కళింగపట్నం బస్సెక్కింది.

వలలు ఆరేసిన పాక ముందు అత్తాకోడళ్ళు ఇద్దరూ ఉన్నారు. దేవమణి నిలబడే చెప్పింది. తాను తప్పు చదివానని, చచ్చిపోతున్నాడని రాస్తే చచ్చిపోయాడని చదివానని, పెట్టెలో పెట్టారన్నది ఉత్తరంలో లేనే లేదని చెప్పింది.

అసిరమ్మ లేచి ఆమె దగ్గరికి వచ్చింది. కొడుతుందనే దేవమణి అనుకుంది. అసిరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని మెల్లగా అడిగింది.

"అయితే నా కొడుకు ఉన్నాడా?"

"తెలీదమ్మా. మే నెలలో పోయాడని ఉంది. వెళ్ళిపోయాడో, ఆ పోవడమే పోయాడో నాకు తెలియడం లేదు."

"ఇన్నాళ్ళు సదివినావు గదా పంతులమ్మా. అదొక్కటీ తెలీదేటి?"

అంతవరకూ గడపలో కూచున్న చిన్నతల్లి అప్పుడు నోరు విప్పింది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది దేవమణికి ఎక్కువ తగిలింది.

"నాను ముండనా, మొగుడున్నదాన్నా? ఊరోళ్ళు అడిగితే ఏటని సెప్పాల?"

చివరికి ఆ ఉత్తరం రాసినావిడకే రాసి అడుగుదామని దేవమణి అంది. మాఘం లోపు జవాబు రావాలి. చిన్నతల్లి ఒక మాట తన తరఫున కూడా అడగమంది. వాడు తన గురించి ఏమైనా అన్నాడా అని.

స్పానిష్‌లో దేవమణి రాసిన మొదటి ఉత్తరం పది వాక్యాలు. దానికి నాలుగు రోజులు పట్టింది. పలక మీద రాసి, వ్యాకరణం దగ్గర పెట్టుకుని ప్రతి క్రియా సరిచూసుకుని, అప్పుడు కాగితం మీద ఎక్కించింది. మురియో, ఓ సె ఫ్వే వివో? చనిపోయాడా, ప్రాణంతో వెళ్ళాడా? ఎటు వెళ్ళాడు? భార్య గురించి ఏమన్నాడు? విమానంలో వెళ్ళే కవరులో పెట్టి శ్రీకాకుళం పెద్ద పోస్టాఫీసులో తనే వేసింది.

తరవాత రోజులు బాగా గడవలేదు. కళింగపట్నంలో చిన్నతల్లిని రేవు దగ్గర ఆడవాళ్ళు వేళాకోళం చేశారు. పోతురాజు మనుషులు రెండుసార్లు వచ్చి, ఇంతకీ పిల్ల ఖాళీయా కాదా అని అడిగి వెళ్ళారు. మాఘం దాటితే మాట లేదన్నారు. అసిరమ్మ ప్రతి సంతకూ వచ్చేది, గంప దించేది, దేవమణి మొహం చూసేది, లేదని తెలుసుకుని గంప ఎత్తుకునేది. తప్పు చదివిన మనిషి దగ్గరికే ఆమె మళ్ళీ మళ్ళీ రావడం, ఆ మనిషి తప్ప ఆమెకు ఇంకో దారి లేకపోవడం దేవమణిని తినేసింది. పోస్టుమాన్ సైకిలు చప్పుడయితే పిల్లలకు చెబుతున్న ఎక్కం మధ్యలో తప్పిపోయేది.

పుష్యం చివర, మాఘానికి నాలుగు రోజులుందనగా, జవాబు వచ్చింది.

ఈసారి ఆమెకు నిఘంటువు పెద్దగా అవసరం పడలేదు. నిలబడి చదివింది. హసింతా పొరపాటుకు బాధపడింది. ఓడలో సరుకు దించేటప్పుడు దూలం పడి కాలు నలిగిందనీ, మోకాలి పైవరకూ తీసేశారనీ, ఓడ అతన్ని వదిలి వెళ్ళిపోయిందనీ మొదటి ఉత్తరంలో తాను సగం సగం రాసిన సంగతులు మళ్ళీ విడమర్చింది. మే నెలలో అతను చంకకర్ర మీద నడుచుకుంటూ వెళ్ళాడు. లారీ ఎక్కాడు. దక్షిణాన చేపలు పట్టే పల్లెలున్నాయి, అక్కడ వలలు బాగుచేసి బతుకుతానన్నాడు. ఇంటికి రాయవద్దని తనకు చెప్పాడు. తనకూ సముద్రం మీద ఒక కొడుకున్నాడు గనక మాట నిలుపుకోలేక, అతను వదిలిన పెట్టెలోని ఉత్తరాల మీది చిరునామా చూసి రాసింది. ఆ తరవాత అతని జాడ తెలియదు. జ్వరంలో ఉన్నన్నాళ్ళూ తల్లిని పిలుస్తుండేవాడు. భార్య గురించి ఒకసారి అన్నాడు.

ఆ ఒకసారి అన్న మాట కింద హసింతా రాసి ఉంచింది. దేవమణి అది రెండుసార్లు చదివి కాగితం మడిచింది. ఆ వాక్యం ఒకటీ చదవకపోతే ఏమవుతుందని సాయంత్రం డేవిడ్‌రాజు అన్నాడు. ఆమెకూ ఆ ఆశ పుట్టింది. కాని లేని మాట కలిపి ఒకసారి చెప్పి చూసింది. ఇప్పుడు ఉన్న మాట తీసేయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మర్నాడు కళింగపట్నంలో, అదే పాక ముందు, అంతా చదివింది. కొడుకు నడిచి వెళ్ళాడని విన్నప్పుడు అసిరమ్మ నేల మీద సాగిలపడి ఇసుక కళ్ళకద్దుకుంది. కాలు పోయిందన్న మాట ఆమెకు వినపడినట్టే లేదు. చిన్నతల్లి మాత్రం కదలకుండా కూచుని, తన సంగతి అడిగింది.

దేవమణి చదివింది. "ఆ పిల్ల చిన్నది. కుంటివాడు ఆమెకెందుకు. నేను చచ్చిపోయాననుకోమను."



"అదొక్కసారి అన్నాడా," అని చిన్నతల్లి అడిగింది, "అంటా ఉండీవోడా?"

దేవమణి కాగితం వైపు చూడనక్కర్లేదు. హసింతా రాసింది 'దిహో'. 'దెసియా' కాదు.

"ఒక్కసారే అన్నాడు."

"ఒక్కసారికే సరిపోనాది ఆడికి," అంది చిన్నతల్లి. ఇసుకలో వేలితో గీతలు గీసింది. తరవాత అత్తవైపు తిరిగింది. "సచ్చిపోనాననుకోమన్నాడు గదా అత్తా. నాలుగు నెలలు అనుకున్నాను. ఏడిసినాను. ఆడు సెప్పకముందే ఆడు సెప్పినట్టు సేసినాను. ఇంక నా వల్ల కాదు. నానెల్తాను."

అసిరమ్మ ఆమెను వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. కోడలి వీపు మీద చెయ్యి వేసి అలాగే కూచుంది. దేవమణి అక్కడ ఉండలేక లైటుహౌసు వైపు నడిచి, బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడింది.

మాఘంలో పోతురాజు వచ్చి చిన్నతల్లిని భావనపాడు తీసుకెళ్ళాడు. కులపెద్దలు రెండు రోజులు వాదించుకున్నారు, మొగుడు బతికి ఉండగా ఇది చెల్లుతుందా అని. తానే వద్దని పొమ్మన్న మొగుడు అడ్డం కాడని చివరకు తేల్చారు. ఆ తేల్చింది దేవమణి చదివిన కాగితం మీదే. వాళ్ళు ఆమెను పిలిపించి మళ్ళీ చదివించుకున్నారు కూడా. చదువుతూ ఆమె ప్రతి క్రియ దగ్గరా ఆగి చూసుకుంది. ఈసారి ప్రతి మాటా సరిగానే ఉంది. అయినా ఆగి చూసుకుంది.

అసిరమ్మ సంతకు రావడం మానలేదు. కాకపోతే ఇప్పుడు ఆమెకు ఒక పని ఉంది. చిలీలో దక్షిణాన ఉన్న రేవుల పేర్లు దేవమణి పటంలో చూసి చెబితే, నెలకొక రేవుకు ఉత్తరం రాయమనేది. నల్లటివాడు, ఒక కాలు లేనివాడు, వలలు అల్లేవాడు, పేరు అప్పలసూరి. చూశారా? చూస్తుండేవారా? దేవమణి రాసేది. ఆ ఏడాది ఏడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎవరి చేతికి వెళుతున్నాయో, అసలు ఎవరైనా విప్పుతున్నారో ఇద్దరికీ తెలియదు.

ఎనిమిదో ఉత్తరానికి దేవమణి కాగితం తీసి, ఈసారి కొత్తగా ఏమైనా కలపమంటావా అని అడిగింది.

అసిరమ్మ గంప మీద చెయ్యేసుకుని ఆలోచించింది. చిన్నతల్లి నెల తప్పిందని ఆ ఉదయమే ఎవరో ఆమెకు చెప్పారు. ఆ సంగతి రాయమంటుందేమోనని దేవమణి భయపడింది.

"నాకు కోపం లేదని రాయి," అంది అసిరమ్మ. "ఒక కాలుతో అయినా ఎలా తిరగతన్నాడో, ఏటి తింతన్నాడో రాయమను. అంతే రాయి."

దేవమణి కలం తీసుకుంది. బయట సంత మొదలైంది, ఎడ్లబండ్లు దిగుతున్నాయి. అసిరమ్మ వెళ్ళకుండా పక్కనే కూచుని, తనకు తెలియని ఆ అక్షరాలు ఒకటొకటిగా కాగితం మీద పడడం చూస్తూ ఉంది.